సావుగుడ్డ

పోయిన వారం గున్నమ్మను ఇసక దిబ్బ మీద వదిలేసి వచ్చాం. చేతిలో పోయిన మొగుడి పాత పంచె, ఎదురుగా సరుగుడు వాసం, కింద దిబ్బలపేట ఆడవాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఎగరేసిందా, మానేసిందా అని వారమంతా కొట్టుకున్న వాళ్లకి ముందా ముక్క చెప్పేస్తాను. ఎగరేసింది. ముడి కూడా గట్టిగానే వేసింది.

వేయక ఏం చేస్తుంది? ఆ వేళ ఏప్రిల్ పద్నాలుగు. తెల్లారితే వేట నిషేధం, రెండు నెలల పాటు పడవ నీళ్లు తాకకూడదు. ఆఖరి వేట కదా అని పేటలో మీసమున్న ప్రతివాడూ వేకువనే సముద్రం మీదికి పోయాడు. సరిగ్గా అదే రోజున గ్రామసభ జరగాలని సర్కారు రూలు. మెట్టవూరు, దిబ్బలపేట కలిపి ఒకటే పంచాయతీ. మెట్టవూరిది వ్యవసాయం, పేటది సముద్రం. ఉపసర్పంచి జగన్నాధం మెట్టవూరి మోతుబరి, ఈ రెండు తేదీల సంగతీ ఆయనకు బాగా తెలుసు. అందుకే రొయ్యల కంపెనీ వ్యవహారాన్ని ఇన్నాళ్లూ నాన్చి నాన్చి ఆ రోజు సభ ముందుకు తోశాడు. కంపెనీ పైపులు పేట రేవు మధ్య నుంచి సముద్రంలోకి వేసుకోవడానికి మాకేమీ అభ్యంతరం లేదని సభ చేతులెత్తాలి. ఎత్తిందా, రొయ్యల చెరువుల మురుగంతా పడవలు దిగే చోటికే వస్తుంది. పేటకున్న రేవు అదొక్కటే. అటుపక్క రాళ్లు, ఇటుపక్క ఏరు సముద్రంలో కలిసే మొగ.

ఫోన్ చేసి పిలవచ్చు కదా అంటారు. నీళ్లలో పడితే పాడైపోతాయని మగవాళ్ల ఫోన్లన్నీ ఇళ్లలోనే చార్జింగుకు వేలాడుతున్నాయి. 

అందుకని సావుగుడ్డ. కొత్తగా ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం చెప్తున్నాను. పేటలో ఎవరైనా పోతే దిబ్బ మీద వాసానికి తెల్లగుడ్డ కడతారు. అది కంటబడ్డ పడవ, వల సగం లాగి ఉన్నా సరే, వదిలేసి వెనక్కి తిరగాలి. తిరుగుతూ తెడ్డు నిలబెట్టి అవతలి పడవకు చూపించాలి. గుడ్డ ఎగురుతున్నంతసేపు మళ్లీ ఏ పడవా నీళ్లలో దిగదు. చచ్చినవాళ్ల ఇంటి మనిషి వచ్చి, పేరు పలికి గుడ్డ దించాలి. ఒకసారి ఆ వాసం కింద పలికిన పేరు మళ్లీ పేటలో ఎవరూ పలకరు, ఆ పేరుగల మనిషికి బదులివ్వరు. ఆ వాసానికి ఆఖరుసారి గుడ్డ ఎగిరింది గున్నమ్మ మొగుడి కోసం. అతని పేరు ఎర్రన్న. నాకు పేట కట్టుబాటు లేదు కనక పలుకుతున్నాను. పేటలో మాత్రం అతను అప్పటినుంచీ 'గున్నమ్మ మొగుడు'.

చావు లేకుండా ఆ గుడ్డ ఎగరేసిన మనిషి మాత్రం పేటలో ఇంతవరకు పుట్టలేదు. ఉత్తగుడ్డ ఎగిరితే గంగమ్మ దాన్ని ఉత్తగా పోనివ్వదని వాళ్ల నమ్మకం. గున్నమ్మకూ ఆ నమ్మకం ఉంది. ఉండే ఎగరేసింది.

*

బడి వరండాలో బల్లా కుర్చీలూ వేశారు. గున్నమ్మ ఇసక కాళ్లతోనే వచ్చి సర్పంచి కుర్చీలో కూర్చుంది. కోడలు హేమను వాసం దగ్గర కాపలా పెట్టి వచ్చింది. "ఎవులొచ్చి దించమన్నా దించకు. దేవుడు దిగొచ్చి అడిగినా దించకు" అని గట్టిగా చెప్పింది.

సీటు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు, చేపల తట్ట మోసుకునే మనిషి కదా, పెట్టమన్న చోట సంతకం పెడుతుంది అనుకుని గున్నమ్మను నిలబెట్టింది జగన్నాధమే. మూడేళ్లయింది. ఏరికోరి తెచ్చుకున్న కుంపటి అని ఇప్పుడు రోజుకోసారైనా అనుకుంటున్నాడు. పైకి మాత్రం మాట ఎప్పుడూ వెన్నపూసే.

"సర్పంచమ్మా, ఎండెక్కిపోతన్నాది. ముందా కంపెనీ ముక్క కానిచ్చీసి, మిగతావి నింపాదిగా సూసుకుందారి" అన్నాడు.

"వరసలో కానియ్యండి బాబూ. దాన్ని ఆఖర్న పెట్టింది మీరే కదేటి. ముందుకు లాగితే దిష్టి తగుల్తాది" అంది గున్నమ్మ.

మెట్టవూరి వాళ్లు కొందరు నవ్వారు. జగన్నాధం కూడా నవ్వాడు. వరండాలో ఒక పక్క మెట్టవూరి ఆడామగా నిండుగా కూర్చున్నారు. ఇంకో పక్క పేట ఆడవాళ్లు. చేతులెత్తితే ఎటు మొగ్గుతుందో చూడగానే తెలిసిపోతోంది. గున్నమ్మకు కావలసింది ఒక్కటే, పొద్దు. పడవలు వచ్చేదాకా సభ సాగాలి.

పంచాయతీ కార్యదర్శి వినోద్ శ్రీకాకుళం నుంచి బండి మీద వచ్చిపోయే కుర్రాడు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, వీధిదీపాల సంగతి ఎత్తాడు. ఏ స్తంభం, ఎవరింటి ముందుది, ఎప్పటినుంచి వెలగట్లేదు, వెలిగినప్పుడు ఎంతసేపు వెలిగేది అని గున్నమ్మ ఒక్కొక్కరినీ లేపి అడిగింది. ఆ తరవాత అంగన్‌వాడీ కప్పు. అది ఎక్కడ కారుతోందో, ఏ వానకు కారుతోందో అడిగింది. ఆ తరవాత మెట్టవూరి మురుగుకాలవ.

పల్లెటూళ్లో మురుగుకాలవ మాటెత్తడమంటే ఎండుగడ్డిలో అగ్గిపుల్ల వేయడమే. జగన్నాధానికి వరసకు వదిన అయ్యే సుభద్రమ్మ దిగ్గున లేచింది. మొగుడు పోయాక సొంతంగా సేద్యం చేయించుకుంటున్న మనిషి. నోటికి జంకు లేదు.

"కాలవ తవ్వినప్పుడు తిన్నగానే తవ్వినారు. మా మరిది గోడ కాడికి వొచ్చీసరికి దానికి నడుం నొప్పెట్టినట్టున్నాది, వంకర తిరిగిపోయి నా కళ్లంలోకి వొచ్చీసింది. నువ్వుల పంట ఆరబెట్టుకుందుకు జాగా నేదు నాకు!"

"అదిప్పుడెందుకు వదినా?" అన్నాడు జగన్నాధం.

"మరెప్పుడు? నువ్వు నిదరోయినప్పుడా?"

ఇంకేముంది. కాలవ ఎగువవాళ్లు లేచారు, దిగువవాళ్లు లేచారు. గోడల మాట, పెంటకుప్పల మాట, ఎవరి గేదె ఎవరి అరుగు పాడుచేసిందన్న మాట అన్నీ బయటికొచ్చాయి. గున్నమ్మ ఎవరినీ ఆపలేదు. చల్లారుతున్నట్టు అనిపించిన చోటల్లా, "మరి పోతురాజు బాబు ఏటంతారో ఇందాం" అని ఇంకొకరిని లేపింది. 

జగన్నాధానికి అప్పటికి తెలిసింది. చుట్ట పక్కన పడేసి బల్ల మీద చెయ్యి వేశాడు.

"గున్నమ్మా, నువ్వు పొద్దు గడుపుతన్నావు."

"అవును బాబూ, గడుపుతన్నాను" అంది గున్నమ్మ. "మీరు ఈ తేదీ ఎంచుకోనేదేటి? నాను పొద్దు ఎంచుకున్నాను."

ఈ మూడేళ్లలో ఆమె జగన్నాధంతో ఇలా ఎదురుగా మాట్లాడటం అదే మొదలు. అన్నాక మొహం కూడా తిప్పుకోలేదు.

"సదువయ్యా వినోదూ, ఆఖరిది" అన్నాడు జగన్నాధం. వినోద్ చదివాడు. జగన్నాధం లేచి కంపెనీ కట్టించే కల్యాణ మండపం గురించి, మంచినీళ్ల ప్లాంటు గురించి చెప్పాడు. బాగానే చెప్పాడు. కంపెనీకి లీజుకిచ్చిన తన పొలం గురించి మాత్రం చెప్పలేదు. "సమ్మతమైనోలు సేతులెత్తండి" అని ముందు తనే ఎత్తాడు.

మెట్టవూరి చేతులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. గున్నమ్మ బడి గేటు వైపు చూసింది. గేటు బయట ఎండ తప్ప ఎవరూ లేరు. మళ్లీ చూసింది. ఇసకలో కాళ్ల చప్పుడు ముందు వినిపించింది, తరవాత మనుషులు కనిపించారు.

పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒంటి మీద ఉప్పునీళ్లు కారుతున్నాయి, కట్టుకున్నవి తడిసి తొడలకు అంటుకున్నాయి. అందరికంటే ముందు కులపెద్ద కూర్మయ్య. ఆ వయసులో ఆ పరుగు ఎలా పరిగెత్తాడో తెలియదు. గేటు పట్టుకుని రొప్పుతూ అరిచాడు.

"ఎవులే? ఎవులు పోనారు?"

వెనకాల వచ్చినవాళ్లు అడగలేదు. వాళ్ల కళ్లు పేట ఆడవాళ్ల మధ్య వెతుక్కుంటున్నాయి. ఒకడు పెళ్లాన్ని చూసి అక్కడే కూలబడ్డాడు. ఒకడు తల్లి మొహం రెండు చేతులతో పట్టుకుని, నువ్వేనా నువ్వేనా అంటున్నాడు. గుడ్డ ఎగరేసేటప్పుడు గున్నమ్మ సభ సంగతి ఆలోచించింది, గంగమ్మ కోపం ఆలోచించింది, జగన్నాధం కోపం ఆలోచించింది. సముద్రం మీద ప్రతి మగాడూ దారి పొడుగునా సొంతింటి చావు మోసుకుంటూ వస్తాడన్నది మాత్రం తట్టలేదు. ఆ సంగతి ఇప్పుడు కళ్లారా చూసి సిగ్గుతో చచ్చిపోయింది. అయినా కుర్చీ లోంచి లేచి నిలబడింది.

"ఎవులూ పోనేదు మావా. నానే ఎగరేసినాను. రేవు పోతన్నాది. అదిగో, ఆ సేతులు సూడు. అందుకే పిలిసినాను."

కూర్మయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆ ముసలాడి కళ్లు ఎర్రబడ్డాయి. ఎర్రన్నకు పెదనాన్న అవుతాడు ఆయన. చెయ్యెత్తుకునే గున్నమ్మ మీదికి వచ్చాడు.

"ఒసే! దారంటా నా ముసల్దాన్ని సంపుకుంటా వొచ్చినానే! దాని మొకం తలుసుకుని ఏడుసుకుంటా వొచ్చినానే! ఉత్తగుడ్డ ఎగరేస్తావా? పేటకి తల్లివనుకున్నాను, ఏటి సేసినావే నువ్వు?"

గున్నమ్మ వెనక్కి జరగలేదు.

"కొట్టు మావా. తిట్టు. పేటలోంచి ఎలేసీ. కానీ ముందు సెయ్యెత్తు. సెయ్యెత్తినాక కొట్టు."

లేచిన చెయ్యి అలాగే ఉంది. కూర్మయ్య దాన్ని చూసుకున్నాడు, మెట్టవూరి చేతుల్ని చూశాడు, జగన్నాధాన్ని చూశాడు. తరవాత వినోద్ వైపు తిరిగి, "రాసుకో బాబూ. ఈ సెయ్యి వొద్దన్న సెయ్యి" అన్నాడు.

వెనకాల తడి చేతులన్నీ లేచాయి. పేట ఆడవాళ్ల చేతులు లేచాయి.

"ఇది సభా, సంతా? మద్దిలో వొచ్చినోలని ఎలగ లెక్కేస్తావయ్యా?" అని జగన్నాధం వినోద్ మీద అరిచాడు.

"మద్దిలో లేసెల్లి టీ తాగొచ్చినోలని లెక్కెట్టినారు, సముద్రం నుంచొచ్చినోలని లెక్కెట్టరేటి?" అంది గున్నమ్మ.

వినోద్ మెడ తిప్పి తిప్పి లెక్కపెడుతున్నాడు. అప్పుడు సుభద్రమ్మ అంతవరకు ఎత్తి ఉంచిన చెయ్యి దించేసింది. దించి ఊరుకోలేదు, వద్దన్నవాళ్ల లెక్క మొదలయ్యాక మళ్లీ ఎత్తింది. "అలగ సూడకు మరిదీ. రొయ్యల సెరువులు నా సేను పక్కనే తవ్వుతారు. నా బోరులో ఉప్పునీళ్లొస్తే ఆ కల్యాణ మండపంలో కూకుని తాగాలా?" అంది. ఆమె వెనక ఇంకా కొన్ని చేతులు ఇటు మారాయి. 

తీర్మానం వీగిపోయింది. వినోద్ ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి పేట ఆడవాళ్ల ఈలల్లో ఎవరికీ వినబడలేదు. పొద్దున గున్నమ్మ ముడి వేస్తుంటే శాపనార్థాలు పెట్టిన లక్ష్మీనరసమ్మ వచ్చి ఆమెను కావిలించుకుని భోరున ఏడ్చింది. గున్నమ్మ మాత్రం ఏడవలేదు. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో అరువుకు కూర్చున్నట్టు కూర్చుంది. ఆ పూట అది తనదే అనిపించింది.

జగన్నాధం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు. 

"ఓడిపోనాను, ఒప్పుకుంటన్నాను. సెరువులు ఇంకో దారి సూసుకుంతాయి. కానీ గున్నమ్మా, నీ గుడ్డ ఇంకా ఎగురుతున్నాది. అది దించాలంటే పేరు కావాలంతారు కదా మీ పేటోలు. ఎవుల పేరు సెప్పి దించుతావు?"

పొద్దున్నుంచి గున్నమ్మకు దాని గురించి ఆలోచించే తీరిక దొరకలేదు. ఆమె నోరు తెరిచేలోగా గేటు దగ్గర హేమ కనిపించింది. దిబ్బ మీద కాపలా ఉండాల్సిన పిల్ల. జుట్టు విడిపోయింది, కాళ్లకు చెప్పుల్లేవు.

"అత్తా, పడవలన్నీ ఒడ్డుకొచ్చీసినాయి" అంది. "మన పడవ రానేదు."

*

నాగబాబు గున్నమ్మకు ఒక్కడే కొడుకు, హేమ మొగుడు. ముందు రోజు సాయంత్రం తల్లితో దెబ్బలాడాడు. ఈ ఒక్కపూటా ఉండిపోరా, సభకు రారా అంటే, "నీ సభలు నువ్వు సూసుకో, ఆఖరి ఏట నాను సూసుకుంతాను" అని పడవలో సాయం పట్టే గంగుల్ని వెంటబెట్టుకుని అందరికంటే లోతుకు పోయాడు.

"తెడ్డు సూపించినాం పిన్నీ. ఆడు సూసినాడు, పడవ తిప్పినాడు. మా ఎనకాలే వొస్తన్నాడనుకున్నాం" అన్నారు కుర్రాళ్లు. "అమ్మకేటో అయ్యిందిరా అని అరిసినాడు. ఇంజను అదరగొట్టుకుంటా వొచ్చినాడు. మొగ కాడ కెరటం లేసినాక మరి కనబడనేదు."

అమ్మకేదో అయిందని. గున్నమ్మ ఆ మాట పట్టుకుని ఇసకలో నిలబడిపోయింది. గాలి దక్షిణానికి తిరిగి విసురుగా కొడుతోంది. ఏటి మొగ దగ్గర నీళ్లు తెల్లగా పొర్లుతున్నాయి. వెనకాల దిబ్బ మీద ఎర్రన్న పంచె పటపటా కొట్టుకుంటోంది.

"పడవలు దించండ్రా! బేగి ఎల్లండి!" అంది.

ఒక్కడూ కదల్లేదు. పది నిమిషాల కిందట ఆమె కోసం చేతులెత్తినవాళ్లే. పడవల అంచులు పట్టుకుని కూర్మయ్య మొహం చూస్తున్నారు.

"గుడ్డ ఉండగా పడవ దిగదు కోడలా" అన్నాడు కూర్మయ్య. గొంతులో ఇప్పుడు కోపం లేదు. "దిగితే అదీ రాదు. ఒకడి కోసం ఎంతమందిని ఒగ్గుకోమంటావు?"

"దించీ అత్తా! ఆ గుడ్డ దించీ!" హేమ ఆమె చెయ్యి పట్టుకుని దిబ్బ మీదికి లాగింది. సగం ఎక్కాక ఆ పిల్లకు గుర్తొచ్చింది, దించాలంటే పేరు పలకాలని. రాని పడవ ఒక్కటే. ఆ ఇంటి మనిషి గున్నమ్మే. హేమ ఆగిపోయి, రెండు చేతులతో అత్త నోరు మూసేసింది.

"వొద్దత్తా. ఆడి పేరు సెప్పకు. సెప్పకత్తా."

గున్నమ్మ ఆ చేతులు మెల్లగా తీసేసింది. ఎర్రన్న రాని రోజున కూడా ఇలాగే గాలి. అప్పుడు కూర్మయ్యే గుడ్డ కట్టాడు. పేరు చెప్పు తల్లీ, పడవలు ఎతకడానికెల్లాలి అంటే ఆమె చెప్పింది. చెప్పి దించింది. శవం దొరకలేదు. అప్పటినుంచీ ఒకే ఒక్క అనుమానం ఆమెను తింటోంది. తను పేరు పలికే వేళకు ఆయన ఇంకా ఈదుతున్నాడేమో, తను చచ్చాడన్నాకే చచ్చాడేమో. ఎవరితోనూ అనలేదు. అనడానికి ఆ పేరు పలికే మనిషి కూడా పేటలో లేడు.

వాసం దగ్గరికి వెళ్లింది. పొద్దున తనే వేసిన ముడి, గాలికి బిగుసుకుపోయి గోళ్లకు లొంగలేదు. పళ్లతో లాగింది. కింద పేటంతా దిబ్బ చుట్టూ నిలబడి ఉంది. దూరంగా సరుగుడు తోట పక్కన జగన్నాధం కూడా నిలబడి చూస్తున్నాడు. అతనికి కూడా వినబడాలన్నట్టు గొంతెత్తింది.

"పేరే కదా కావాల! ఇనుకోండి. గున్నమ్మ! దిబ్బలపేట గున్నమ్మ పోయింది!"

"నోర్ముయ్యే!" అని కూర్మయ్య అరిచాడు. అరిచేసరికే పంచె ఆమె చేతుల్లోకి జారింది. వాసం ఖాళీగా నిలబడింది.

ముసలాడు ఆమె వైపు చూడకుండా తిరిగి, "గుడ్డ దిగింది. పడవలు తొయ్యండ్రా" అన్నాడు. ఒక్క కేకతో పడవలు ఇసక మీద జారాయి, ఇంజన్లు అందుకున్నాయి, ఒకదాని వెంట ఒకటి మొగ వైపు పోయాయి. 

గున్నమ్మ పంచె గుండెకు పెట్టుకుని దిబ్బ దిగింది. "నచ్చినరసమ్మప్పా, కాసిని నీళ్లియ్యవే" అంది. ఇందాక కావిలించుకుని ఏడ్చిన లక్ష్మీనరసమ్మే. ఆమె పెదవులు కదిలాయి. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది. గున్నమ్మ ఇంకొకరిని చూసింది. వాళ్లూ తల దించుకున్నారు. పేట మొత్తం ఆమె చుట్టూ ఉంది, ఆమెకు బదులిచ్చే గొంతు ఒక్కటీ లేదు. 

"సరే. అలగే కానియ్యండి" అంది తనలో తను. కొడుకు ఒడ్డెక్కితే చాలు, ఎన్నాళ్లయినా చచ్చి పడుంటాననుకుంది.

దిబ్బ మీద నుంచి హేమ ఒక్కసారిగా కేక పెట్టింది. చెయ్యి మొగ వైపు చాచి ఉంది. కెరటాల వెనక ఒక పడవ లేస్తూ పడుతూ వస్తోంది, దాని పక్క మీద పసుపు గీత గున్నమ్మకు కూడా కనిపించింది. తనే వేయించిన గీత. చూపు అంతకుమించి ఆనలేదు. ఇసకలో పడుతూ లేస్తూ మళ్లీ దిబ్బ ఎక్కింది.

"ఎవులున్నారే పడవలో? నాగబాబు ఉన్నాడా? నీ కళ్లకు ఆనుతాది కదా, సెప్పవే హేమా! ఎవులున్నారు?"

హేమ వెనక్కి తిరిగింది. అత్త మొహం చూసింది, అత్త చేతుల్లోని పంచె చూసింది. నోరు తెరవలేదు. బదులివ్వకపోవడం పేట కట్టుబాటు వల్లో, పడవలో చూసినదాని వల్లో అన్నది ఆ పిల్ల మొహంలో గున్నమ్మకు ఎంత వెతికినా దొరకలేదు.